నెల్లూరు ఆడవాళ్ళు అడిగింది ఒకటి, హైదరాబాదు ఇచ్చింది ఇంకొకటి



మద్యం మాట ఎప్పుడొచ్చినా మనవాళ్ళు ఒకటే అంటారు. నిషేధం పెట్టారు, రెండేళ్ళకే ఎత్తేశారు, ఆ ఆడోళ్ళ ఉద్యమం వల్ల ఒరిగిందేమీ లేదు అని. నాకీ మాట సరిగ్గా అనిపించదు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు ఏం అడిగారో, వాళ్ళకు ఏం దొరికిందో చూద్దామనే ఈ పోస్టు. కొంచెం పొడుగైంది, తీరిగ్గా చదవండి.

మన దగ్గర నిషేధం అప్పుడే కొత్తగా వచ్చింది కాదు. రాజాజీ మద్రాసు ప్రభుత్వాన్ని నడిపేటప్పుడు 1937లో సేలంలో మొదలుపెట్టి, మరుసటేడు చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రమంతా పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ కల్లుగీత మీద బతికే కుటుంబాల గతేంటో ఎవరూ ఆలోచించలేదు, దొంగసారా కూడా పెరిగింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమని చెప్పింది. ఆ సిఫార్సు అమలు చేయలేదని అవిశ్వాసం పెడితే 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కల్లు గొడవ మీద గవర్నమెంటే పోయిన చరిత్ర మనది!

ఆ నిషేధం పోయాక సారా ఖజానాకు పాడిగేదె అయింది. 1970-71లో రాష్ట్రానికి ఎక్సైజు ఆదాయం 39 కోట్లు. 1991-92 నాటికి 812 కోట్లు. ఇరవై ఏళ్ళలో ఇంత పెరిగిన పంట మనమైతే ఏదీ చూడలేదు. 1980లలో వారుణి వాహిని అని పేరుపెట్టి సారాను పాల ప్యాకెట్లలాగా ప్లాస్టిక్ ప్యాకెట్లలో సర్కారే సరఫరా చేసింది. రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది కూడా ఆ కాలంలోనే.

ఈ వ్యాపారానికి ఆయువుపట్టు వేలంపాట. ఎక్సైజు వాళ్ళ ఏడాది అప్పట్లో అక్టోబరు 1న మొదలయ్యేది. అంతకు ముందే జిల్లాలో షాపులకు పాట పెట్టేవాళ్ళు. పాట పాడుకున్న కాంట్రాక్టరు ఏడాది పొడుగునా సర్కారుకు కిస్తులు కట్టాల్సి వచ్చేది. ఆ డబ్బు, దాని మీద లాభం ఎక్కణ్ణుంచి రావాలి? మన ఊరి కూలీ జేబులోంచే. అందుకే కొట్టు దగ్గరికి మనిషి రావాలని చూడకుండా ప్యాకెట్లే మనిషి దగ్గరికి వచ్చేవి. టీ బంకులో దొరికేవి, చిల్లర కొట్టులో దొరికేవి, కోతల రోజుల్లో అయితే చేను గట్టు మీదికే వచ్చేవి. డబ్బు లేకపోతే అప్పు రాసుకునేవాళ్ళు. నాకప్పుడు ఇరవై దాటాయి, కళ్ళారా చూసిన సంగతే. పొద్దున కూలికి పోయిన ఆడమనిషి సాయంత్రం తెచ్చిన డబ్బు కూడా దానికే పోయేది.

ఇలా ఉండగా 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. పగలు కూలికి పోయి, రాత్రి పలక పట్టుకున్నారు మన అక్కలు, అమ్మలు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుబోతు మొగుడి చేతిలో నలిగిన ఆడమనిషి కథ అది. చదివినవాళ్ళంతా ఇది మా కథే అన్నారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు ఏకమై ఊళ్ళో సారా కొట్టు మూయించారు. తర్వాత వచ్చిన వాచకంలో వాళ్ళ సంగతే "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమైంది. ఇక్కడే ఉంది అసలు తమాషా. సారా అమ్మేది సర్కారే, ఆ సారాను ఎట్లా ఆపాలో చెప్పే పుస్తకం అచ్చేసిందీ సర్కారే. ఆ పాఠం చదివి పక్క ఊరు, దాన్ని చూసి ఇంకో ఊరు కదిలాయి. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ప్యాకెట్ల బండ్లను ఊరి పొలిమేరలోనే తిప్పి పంపారు.

1992 సెప్టెంబరుకి ఊరి కొట్టుతో ఆగకుండా నెల్లూరులో వేలంపాట మీదికే పోయారు. ఆ పాట మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. కొట్టు మూస్తే ఒక ఊళ్ళో ఆగుతుంది, పాట ఆగితే జిల్లాలో ఏడాది ఆదాయమే ఆగుతుంది. పెద్ద చదువులు చదివినవాళ్ళకు తట్టని లెక్క అది. పార్టీలు, పేపర్లు ఆ తర్వాతే వెంటవచ్చాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు.

ఆ ఆడవాళ్ళ మాట చిన్నది: మా ఊళ్ళో సారా కొట్టు వద్దు. అది ఎన్నికలకొచ్చేసరికి సంపూర్ణ మద్య నిషేధం అయింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణం చేసిన చోటే సంతకం పెట్టారు, 1995 జనవరి నుంచి అమలు. పక్క రాష్ట్రాల నుంచి సీసాలు వచ్చిపడ్డాయి. కాకినాడ పక్కనే పాండిచ్చేరి వాళ్ళ యానాం ఉండనే ఉంది. ఖజానాకు కన్నం పడింది. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది, కరెంటు ఛార్జీలు పెరిగాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. పెట్టేటప్పుడు గానీ, ఎత్తేసేటప్పుడు గానీ ఊరిని అడిగింది లేదు.

చాలామంది మర్చిపోయిన సంగతి ఇంకొకటి ఉంది. 1997లో వెనక్కి వచ్చింది బ్రాందీ, విస్కీలు. సర్కారు సారా కొట్టు మళ్ళీ రాలేదు. అంటే వాళ్ళు అడిగిన మాట నిలబడింది. ఆ ఖాళీలోకి చీప్ లిక్కరు, దాని వెనక బెల్టు షాపులు వచ్చాయి, అది వేరే కథ.

ఊరే తేల్చుకునే హక్కు మన చట్టంలో లేకపోలేదు. 1996 డిసెంబరులో వచ్చిన పెసా చట్టం మత్తు సరుకు అమ్మకం ఆపే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలంది. అయితే అది షెడ్యూల్డు ప్రాంతాలకే, అంటే ఏజెన్సీ ఊళ్ళకే. దూబగుంట మైదానంలో ఉంది, మన ఊళ్ళూ అంతే.

1992లో మీ మండలంలో పాట ఆపడానికి పోయిన అమ్మలు, పెద్దమ్మలు ఉంటే వాళ్ళనడిగి రాయండి. వాళ్ళ వయసులు డెబ్బై దాటుతున్నాయి.