టేకుదుంగ – హద్దురాయి

ఒక మాటకు ఎన్ని అర్థాలున్నాయో చెప్పటం నిఘంటుకారుడి పని. ఆ అర్థాలు ఎవరి బ్రతుకులోనుంచి పుట్టాయో చెప్పటం చరిత్రకారుడి పని. సాహిత్య విమర్శకులమైన మనం మొదటి పనితోనే తృప్తిపడి, రెండవదాన్ని మరొకరికి వదిలివేయటం చాలాకాలంగా సాగుతున్న అలవాటు. అందుకు నేనూ మినహాయింపు కాదు.

ఒకసారి డిగ్రీ తరగతిలో “రాయి” అనే మాటకు ఎన్ని అర్థచ్ఛాయలున్నాయో చెప్పమని విద్యార్థులనడిగాను. గీటురాయి, సానరాయి, చెకుముకిరాయి అన్నారు. ఉంగరంలో పొదిగిన రాయి, దుకాణంలో తూకపురాయి అన్నారు. “నాలుగు రాళ్ళు వెనకేసుకోవటం” అంటే డబ్బు కూడబెట్టటమని ఒకరు, దేవుడిమీద కోపం వచ్చినప్పుడు ఆయన్నీ రాయి అంటామని మరొకరు చెప్పారు. ఏజెన్సీ ప్రాంతంనుంచి వచ్చిన ఒక కుర్రవాడు మాత్రం, “రాయంటే మాకు ఫారెస్టోళ్ళ హద్దేనండి. రాయికి ఇవతల మా చేను, అవతల టేకు” అన్నాడు. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను రాసుకుపోయిన జాబితాలో ఆ అర్థం లేదు.

ముందుగా మాట సంగతి చూద్దాం. రాయికి ద్రావిడభాషల్లోని ప్రాచీనశబ్దం “కల్”. తమిళ కన్నడాల్లో అది నేటికీ వాడుకలో ఉంది. తెలుగులో విడిగా నిలవలేక సమాసాల్లో తలదాచుకొన్నది. ఓరుగల్లు, వడగల్లు, పెళ్ళిలో తొక్కే సన్నికల్లు, ఊరికోసం పోరి చనిపోయినవాడికి నిలిపిన వీరగల్లు – వీటన్నిటిలో ఉన్నది ఆ రాయే. తాటిచెట్టునుంచి దిగే కల్లు వేరు మాట. పొరుగుభాషల్లో దానికి ళకారం, రాతికి లకారం. మన నోట రెండూ ఒకటైనాయి. ఈ పాత రాళ్ళలో సన్నికల్లు ఇంటిది, బొడ్రాయి ఊరి నడుమది, వీరగల్లు ఊరి జ్ఞాపకానిది. ఆనాటి పల్లె సమసమాజమని నేననటం లేదు. వీరగల్లు చెక్కించినవాడూ, ఆ రాతిని మోసుకొచ్చినవాడూ ఒకే పంక్తిన కూర్చుని తిన్నవారు కారు. అయినా ఆ రాళ్ళేవీ మనిషిని అడవినుంచి వేరుచేసినవి కావు. ఆ పని చెయ్యటానికి మరొక రాయి రావలసివచ్చింది. దాన్ని తెచ్చినది టేకు.

తమిళ మలయాళాల్లో తేక్కు, మనకు టేకు. మలబారు తీరంలో ఈ మాట విని పోర్చుగీసువారు తమ భాషలోకి పట్టుకుపోయారు. ఇంగ్లీషువారి “టీక్” వారివద్దనుంచి వచ్చినదే. మాట ఓడ ఎక్కింది. మాను దాని వెంట నడిచింది. టేకులోని నూనె చెదను దరిచేరనివ్వదు. ఓక్ కర్రలో దిగిన ఇనుపమేకు తుప్పుపడుతుంది. టేకులో మేకు చాలాకాలం నిలుస్తుంది. మరొక విశేషం కూడా ఉంది. ఇసుకలో ఉండే సిలికాను టేకు తన కర్రలో నిలవచేసుకుంటుంది. అందుకే కోసేటప్పుడు రంపం పళ్ళు త్వరగా మొద్దుబారతాయి. మానులో రాయి ఉన్నదన్న ఈ సంగతి ప్రయోగశాల చెప్పకముందే వడ్రంగి చేతికి తెలుసు.

నెపోలియన్ యుద్ధాలనాటికి ఇంగ్లండులో ఓడలకు ఓక్ కర్ర కరువైంది. 1806లో కంపెనీ కెప్టెన్ వాట్సన్‌ను మలబారు అడవులకు కన్సర్వేటరుగా నియమించింది. మరుసటి ఏడు టేకు యావత్తూ కంపెనీ గుత్తసొత్తని ప్రకటన వెలువడింది. నిన్నటిదాకా తన మానును తాను నరుక్కున్నవాడు నేడు దొంగ అయ్యాడు. భూస్వాములూ, కలపవర్తకులూ, సామాన్యులూ కూడా మొరపెట్టగా మొరపెట్టగా, 1823లో గవర్నరు థామస్ మన్రో ఆ గుత్తాధిపత్యాన్ని రద్దుచేశాడు. మన్రో ఉదారతను కీర్తించటం మనకు ఆచారమైంది. నిజానికి అతడు వేసినది ఒక లెక్క: కలపవల్ల వచ్చే లాభంకంటె ప్రజల ఆగ్రహంవల్ల వచ్చే నష్టం ఎక్కువ. లెక్క మారిననాడు విధానమూ మారుతుంది.

మారింది కూడా. 1840ల్లో మలబారు కలెక్టరు కోనొలీ నీలంబూరులో టేకును తోటగా వేయించాడు. అరవై ఎనభై ఏళ్ళకుగాని కోతకు రాని పంట అది. అంతకాలం భూమిని చేతిలో పట్టుకుని కూర్చోవటం ఏ రైతుకు సాధ్యం? రాజ్యానికే సాధ్యం. 1853లో రైలు వచ్చింది. పట్టాల కింద పరవటానికి చెక్క లక్షల్లో కావలసివచ్చింది. 1864లో అడవులశాఖ, 1865లో మొదటి అడవిచట్టం, 1878లో దానికంటె కఠినమైనది, మద్రాసు రాష్ట్రానికి ప్రత్యేకంగా 1882 చట్టం – వరుసగా వచ్చాయి. చట్టం కాగితంమీద ఉంటుంది. అడవిలో ఉన్న మనిషి కాగితం చదవలేడు. అతడికి కనబడేటట్టు చట్టానికి ఒక ఆకారం కావాలి. ఆ ఆకారమే హద్దురాయి.

గోదావరి, విశాఖ మన్యాల్లో ఆ రాయి ఏమిచేసిందో మనకు తెలియనిది కాదు. 1879లో రంప ఫితూరీ లేచింది. మన్సబుదారు దౌర్జన్యాలకు తోడు తాటికల్లుమీద చిగురుపన్ను, అడవిమీద ఆంక్షలు దానికి కారణాలు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన లేచిన తిరుగుబాటుకు వెనుక పోడు నిషేధం ఉంది. దానితోపాటు రోడ్డుపని ఉంది. నర్సీపట్నంనుంచి లంబసింగివైపు ఘాటురోడ్డు వేయించినప్పుడు కొండమనుషులచేత చాలీచాలని కూలికి, ఒక్కొక్కసారి కూలి లేకుండానే, వెట్టి చేయించారు. గాం గంతందొరవంటివారు రాజు వెంట నిలవటానికి ఆ అన్యాయం ఒక ముఖ్యకారణం.

ఇక్కడ మనం ఒక్కక్షణం ఆగాలి. మన విమర్శలో “మైలురాయి” అనే మాట ఎంత సులువుగా వాడతాం! ఫలానా నవల ఒక మైలురాయి, ఫలానా మహాసభ ఒక మైలురాయి. నేనూ రాశాను. ఆ దారిన నడిచేవాడికి మైలురాయి పురోగతి. దారి వేసినవాడికి అది కూలి రాని దినాల లెక్క. ఉపమానం ఏ వర్గం కళ్ళతో చూస్తున్నదో అడగకుండా వాడుకోవటం అభ్యుదయ విమర్శకు తగదు.

టేకు కథ మన సరిహద్దుల్లో ఆగలేదు. 1885లో బర్మారాజు ప్రభుత్వం, లెక్కకు మించి టేకు తీశారని బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషనుకు సుమారు 23 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఆ తగాదాను సాకుచేసుకొని బ్రిటిషు సేన మండలే చేరింది. 1886 జనవరి 1న ఎగువబర్మా సామ్రాజ్యంలో కలిసిపోయింది. పచ్చిటేకు నీటిలో మునుగుతుంది. అందుకని చెట్టు నిలబడి ఉండగానే మొదట చుట్టూ తొలిచి, రెండుమూడేళ్ళు ఎండనిచ్చి, తర్వాత కూల్చి ఏళ్ళలో తేల్చేవారు. ఆ దుంగలు చేరే రంగూనులో, రేవుల్లోనూ మిల్లుల్లోనూ చెమటోడ్చినవారిలో మన తెలుగు కూలీలు వేలాదిగా ఉన్నారు. కోరంగి రేవు పేరుమీదుగా వారిని “కోరంగీలు” అన్నారు. నాలుగు రాళ్ళు సంపాదించుకొస్తామని వెళ్ళినవారే అందరూ. 1930 మే నెలలో రేవుకూలీలు సమ్మెచేస్తే యజమానులు బర్మీ కూలీలను దింపారు. సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మీలను తరిమివేశారు. రెండు దేశాల ఆకలి ఒకదానినొకటి పొడుచుకున్నది. యజమానులమీదికి రావలసిన కోపం తెలుగు కూలీల ప్రాణాలు తీసింది.

ఇటు నిజాం రాజ్యంలో, ఆదిలాబాదు అడవుల్లో, రిజర్వు హద్దులు గోండుల, కొలాముల చేలను మింగాయి. జోడేఘాట్‌లో కొమరం భీం ఎదురునిలిచి 1940లో నేలకొరిగాడు. స్వాతంత్ర్యం వచ్చినా రాయి కదలలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యపై సభకు కదిలిన గిరిజనులమీద పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడ అమరుల స్థూపం లేచింది, దాన్ని కూల్చారు, మళ్ళీ కట్టారు. వీరగల్లు పాతమాటేగాని చచ్చినమాట కాదని ఆ స్థూపమే సాక్ష్యం.

2006 అటవీహక్కుల చట్టం గిరిజనులకు జరిగినది చారిత్రక అన్యాయమని తన పీఠికలోనే ఒప్పుకొన్నది. ఒప్పుకోవటం వేరు, రాయిని కదిలించటం వేరు. ఆ చట్టం పోరాటాల ఫలితం. దాని అమలూ పోరాటంవల్లనే జరగాలి.

అడవి అక్కరలేదని ఎవరూ అనరు. టేకును కాపాడవద్దనీ అనరు. ఎవరినుంచి కాపాడారు, ఎవరికోసం కాపాడారు అన్నదే ప్రశ్న. ఓడకు నరికినవాడు, రైలుకు నరికినవాడు అడవికి సంరక్షకుడైనాడు. నాగలికర్రకు కొమ్మ కొట్టుకున్నవాడు దొంగ అయ్యాడు.

ఆ కుర్రవాడు చెప్పిన అర్థాన్ని మరునాడు నల్లబల్లమీద రాశాను. జాబితా చివర రాయలేదు, మొదట రాశాను. ఈసారి తరగతి నవ్వలేదు. ఎందుకు మొదట అని అడిగింది. ఆ గంటంతా దానికి జవాబుతోనే గడిచింది.