పాత లాప్‌టాప్‌లో పెద్ద డిస్కు ఏల ఇముడదు?

ఇరువది, ముప్పది ఏండ్ల క్రిందటి లాప్‌టాప్ యంత్రములు మన ఇండ్లలోను, పాఠశాలలలోను ఇంకను కొన్ని బీరువాలలో పడియున్నవి. వానిలో కొన్ని నేటికిని పనిచేయును. తెర వెలుగును; మీట నొక్కిన అక్షరము పడును. కాని లోపలి హార్డు డిస్కు నిరంతరము తిరుగునది గనుక తరచు అదియే ముందుగా చెడిపోవును. దానిని తీసివేసి, అంగడిలో చవుకగా దొరకు పెద్ద డిస్కు నొకదానిని అమర్చిన చాలదా యని ఎవరికైనను తోచును.

అమర్చి చూచినచో వింతలు కనబడును. 4,000 కోట్ల బైట్లు పట్టు డిస్కును ఒక యంత్రము 53 కోట్ల బైట్ల డిస్కుగా మాత్రమే గుర్తించును. ఇంకొక యంత్రము ఆరంభములోనే నిలిచిపోవును. వేరొకటి కొన్ని నెలలు చక్కగా పనిచేసి, ఒకనాడు అందులోని సమాచారమంతయు చెరిచివేయును. డిస్కులో లోపము లేదు. యంత్రమును బాగుగనే ఉన్నది. మరి ఈ చిక్కు ఎక్కడినుండి వచ్చినది? దీని సమాధానము 1983, 1984 సంవత్సరములలో ఇంజనీర్లు చేసిన కొన్ని నిర్ణయములలో ఉన్నది. ఆ కథను క్రమముగా చూతము.

డిస్కు చిన్నదైన విధము

1956 సెప్టెంబరులో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ ‘రామాక్’ అను గణకయంత్రమును ప్రకటించెను. కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్ హోసే ప్రయోగశాలలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వమున దీనికొక డిస్కును నిర్మించిరి. 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్ళెములు ఒకే ఇరుసుపై తిరుగుచుండెను. ఇంత చేసినను అందు పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. బరువు టన్నుకు మించెను.

1973లో అదే సంస్థ ‘వించెస్టర్’ అను పేరు పొందిన 3340 డిస్కును తెచ్చెను. పళ్ళెములను, వానిపై వ్రాసి చదువు శీర్షములను ఒకే పెట్టెలో మూసివేయుట ఇందలి విశేషము. 1980లో షుగార్ట్ టెక్నాలజీ, అనగా తరువాతి సీగేట్ సంస్థ, 5¼ అంగుళముల డిస్కును చేసెను. 1983లో స్కాట్లండులోని రోడైమ్ సంస్థ 3½ అంగుళముల డిస్కును, 1988లో అమెరికాలోని ప్రయరీటెక్ సంస్థ 20 మెగాబైట్లు పట్టు 2½ అంగుళముల డిస్కును వెలువరించినవి. మెగాబైటు అనగా పది లక్షల బైట్లు. గిగాబైటు అనగా నూరు కోట్ల బైట్లు.

లాప్‌టాప్‌లకు అనువైనది ఈ 2½ అంగుళముల డిస్కే. 1985 నాటి తోషిబా టి-1100 యంత్రమునకు హార్డు డిస్కే లేదు. ఫ్లాపీతోనే పని జరిగెడిది. 1989లో వచ్చిన కాంపాక్ ఎల్.టి.ఇ. యంత్రములో 20 లేక 40 మెగాబైట్ల డిస్కు ఉండెను. 1992లో ఐ.బి.ఎం. థింక్‌పాడ్ 700సి యంత్రములో అది 120 మెగాబైట్లకు పెరిగెను.

అటుపిమ్మట పెరుగుదల మరింత వేగము పొందెను. 1988లో ఫ్రాన్సులో ఆల్బెర్ట్ ఫెర్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్ ఒకరితో ఒకరికి సంబంధము లేకయే ఒక భౌతిక ధర్మమును కనుగొనిరి. అతి పలుచని లోహపు పొరలను ఒకదానిపై ఒకటి పేర్చినచో, స్వల్పమైన అయస్కాంత క్షేత్రము మారినను వాని విద్యున్నిరోధము చాల ఎక్కువగా మారును. ఇంత సున్నితమైన శీర్షములు దొరకిన తరువాత, పళ్ళెముపై బిట్లను మరింత దగ్గరగా వ్రాయుట సాధ్యమయ్యెను. 1997లో ఐ.బి.ఎం. ఈ ధర్మమును వినియోగించి 16.8 గిగాబైట్ల డిస్కును విడుదల చేసెను. ఆ ఇరువురు శాస్త్రజ్ఞులకు 2007లో నోబెల్ బహుమానము లభించెను.

చిరునామా అనగా నేమి?

బావిలో నీరు ఎంత యున్నను, చేదకు కట్టిన తాడు పొడవు చాలనిచో అది మనకు అందదు. డిస్కు విషయములో ఆ తాడు వంటిది చిరునామా.

డిస్కుపై సమాచారము 512 బైట్ల ముక్కలుగా ఉండును. ఒక్కొక్క ముక్కను సెక్టారు అందురు. ఒక సెక్టారు ఎక్కడ ఉన్నదో చెప్పుటకు పూర్వము మూడు సంఖ్యలను వాడిరి. పళ్ళెముపై సెక్టార్లు వలయములుగా అమరియుండును. అన్ని పళ్ళెములపైనను ఒకే దూరమున నున్న వలయములను కలిపి ఊహించిన ఒక స్థూపము ఏర్పడును. ఆ స్థూపపు సంఖ్య మొదటిది. ఏ పళ్ళెపు తలముపై చదువవలెనో చెప్పు శీర్షపు సంఖ్య రెండవది. వలయములో ఎన్నవ ముక్కయో చెప్పు సెక్టారు సంఖ్య మూడవది.

గణకయంత్రము ఈ సంఖ్యలను ద్విసంఖ్యామానములో, అనగా 0, 1 అను రెండే అంకెలతో వ్రాయును. ఒక్కొక్క అంకె ఒక బిట్టు. 10 బిట్లు ఉన్నచో 2ను పదిమార్లు హెచ్చించిన ఫలమగు 1,024 సంఖ్యలను మాత్రమే వ్రాయవచ్చును. 1,025వ దానికి చోటు ఉండదు.

రెండు గుమ్మములు

ఐ.బి.ఎం. సంస్థ 1983లో తెచ్చిన పి.సి. ఎక్స్.టి. యంత్రములో 10 మెగాబైట్ల హార్డు డిస్కు ఉండెను. ఆ డిస్కునకు 306 స్థూపములు, 4 శీర్షములు, వలయమునకు 17 సెక్టార్లు. యంత్రము వెలిగించినంతనే మేలుకొను శాశ్వత ఆదేశావళికి బయాస్ అని పేరు. డిస్కు చిరునామా కొరకు ఆ బయాస్‌లో 24 బిట్లు కేటాయించిరి. అందు స్థూపమునకు 10, శీర్షమునకు 8, సెక్టారుకు 6. అనగా 1,024 స్థూపములు, 256 శీర్షములు, 63 సెక్టార్లు. సెక్టార్లను 1 నుండి లెక్కింతురు గనుక 64కు ఒకటి తగ్గినది. వీనిని హెచ్చించి 512తో గుణించిన 845 కోట్ల బైట్లకు పైగా వచ్చును. నాటి డిస్కుకు ఇది దాదాపు 800 రెట్లు. కావున ఆ ఇంజనీర్లు పిసినారితనము చూపిరని అనరాదు.

ఇక రెండవ గుమ్మము. డిస్కును నడుపు నియంత్రకము పూర్వము వేరొక పలకపై ఉండెడిది. 1986 ప్రాంతమున కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ మున్నగు సంస్థలు దానిని డిస్కులోనే చేర్చు పద్ధతిని తెచ్చినవి. దీనినే ఐ.డి.ఇ. అనిరి; ప్రమాణముగా స్థిరపడిన పిమ్మట ఎ.టి.ఎ. అను పేరు వచ్చినది. 1984 నాటి పి.సి. ఎ.టి. యంత్రపు నియంత్రకమును అనుసరించిన ఈ పద్ధతిలో స్థూపమునకు 16 బిట్లు, శీర్షమునకు 4, సెక్టారుకు 8. అనగా 65,536 స్థూపములు, 16 శీర్షములు, 255 సెక్టార్లు. దీని పరిమితి 13,690 కోట్ల బైట్లు. నాటి 10 మెగాబైట్ల డిస్కుతో పోల్చిన ఇది పండ్రెండు వేల రెట్లకు పైమాట.

రెండును విశాలమైనవే. కాని సమాచారము ఒక గుమ్మము దాటిన తరువాత రెండవదానిని కూడ దాటవలెను. స్థూపముల విషయమున బయాస్ ఇరుకు; శీర్షముల విషయమున డిస్కు ఇరుకు; సెక్టార్ల విషయమున మరల బయాస్ ఇరుకు. రెండింటికిని సమ్మతమైన సంఖ్యలు 1,024, 16, 63. ఉపాధ్యాయులు ఈ గుణకారమును తరగతిలో చేయింపవచ్చును.

1,024 × 16 × 63 × 512 = 52,84,82,304 బైట్లు.

ఒకటి 845 కోట్లకు, మరియొకటి 13,690 కోట్లకు దారి విడువగా, రెండును కలిసి 53 కోట్లకైనను దారి ఇయ్యలేదు. ఏ ఒక్క ఇంజనీరును తప్పు చేయలేదు. ఒకరు గీసిన హద్దు మరియొకరి హద్దుతో ఎట్లు కలియునో ముందుగా సరిచూచుకొనలేదు, అంతే. పాత లాప్‌టాప్ చూపు 528 మెగాబైట్ల అంకె ఇదియే. 10,48,576 బైట్లను ఒక మెగాబైటుగా లెక్కించు ఆదేశావళులు దీనినే 504 అని చూపును.

గోడ వెనుక గోడ

1990 దశకపు నడుమ డిస్కులు ఈ హద్దును దాటగా, బయాస్ తయారుచేయువారు ఒక ఉపాయము పన్నిరి. 2,000 స్థూపములు, 16 శీర్షములు గల డిస్కును 1,000 స్థూపములు, 32 శీర్షములు గలదిగా బయాస్ పైకి చెప్పును. లోపల మరల మార్చుకొనును. హెచ్చింపు ఫలము మారదు. ఇట్లు 845 కోట్ల హద్దు వరకు పోవుటకు వీలయ్యెను.

ఆ గోడను దాటుటకు మూడు సంఖ్యలను విడిచి, సెక్టార్లన్నింటికి 0, 1, 2 అని వరుస సంఖ్యలు ఇచ్చు పద్ధతి వ్యాపించినది. ఎ.టి.ఎ. ప్రమాణములో దీనికి 28 బిట్లు. ఇందువలన 13,743 కోట్ల బైట్లు, అనగా 137 గిగాబైట్లు అందును. అయినను 1990 దశకాంతపు కొన్ని బయాస్‌లు తమ లోపల వేరొక లెక్క చేసుకొనుటవలన 33 గిగాబైట్ల దగ్గరనే చిక్కుకొని, యంత్రమును ఆరంభములో నిలిపివేయుచుండెను. కొన్ని డిస్కులను ఒక చిన్న బిగింపుతో 32 గిగాబైట్లవిగా నటింపజేయు ఏర్పాటు ఇందు కొరకే వచ్చినది.

2001లో మాక్స్‌టార్ సంస్థ 160 గిగాబైట్ల డిస్కును తెచ్చినపుడు 28 బిట్లును చాలకపోయెను. 2002లో వెలువడిన ఎ.టి.ఎ. ఆరవ ప్రమాణము 48 బిట్లను అనుమతించినది. దీని పరిమితి సుమారు 1,441 కోట్ల కోట్ల బైట్లు. మరి డిస్కును విభాగములు చేయుటకు 1983లో ఏర్పడిన పట్టికలో 32 బిట్లే ఉండెను. 2010లో 3,000 గిగాబైట్ల డిస్కులు వచ్చినపుడు అదియును ఇరుకయ్యెను. దానికి బదులుగా 64 బిట్ల పట్టిక వాడుకలోనికి వచ్చినది.

చడి చేయని ప్రమాదము

హద్దు మించినపుడు యంత్రము తనంతట తాను ఎల్లప్పుడు హెచ్చరించునని అనుకొనరాదు. వాహనపు దూరమాపకములో 99,999 తరువాత మరల 00,000 వచ్చుట మన మెరిగినదే. 28 బిట్లు మాత్రమే తెలిసిన ఆదేశావళి 137 గిగాబైట్లకు ఆవలి చిరునామాను వ్రాయబోయినచో పై బిట్టు జారిపోయి, సంఖ్య మరల సున్న నుండి మొదలగును. సున్నవ సెక్టారులో ఉండునది విభాగముల పట్టిక. క్రొత్త సమాచారము దానిపైననే పడును. డిస్కు నిండుచున్నంత కాలము ఏ లోపమును కనబడక, హద్దు దాటిన దినమున సర్వము పోవుటకు కారణమిదే. 2001 నాటి విండోస్ ఎక్స్.పి. తొలి రూపములో 48 బిట్ల చిరునామాకు తగిన ఏర్పాటు లేదు. 2002లో వచ్చిన మొదటి సవరణతో అది చేరినది.

డిస్కు మార్చువారికి

పై చరిత్ర తెలిసినవారికి పని సులభము. స్థూలముగా 1994కు పూర్వపు యంత్రమునకు 528 మెగాబైట్లు, 1998 ప్రాంతము వరకు 8.4 గిగాబైట్లు, 2002 ప్రాంతము వరకు 137 గిగాబైట్లు హద్దులని తలచి, పిమ్మట ఆ యంత్రపు వివరములతో సరిచూచుకొనవలెను. ఆదేశావళి హద్దును కూడ చూడవలెను. పాత డాస్ పద్ధతి విభాగమొకటి 214 కోట్ల బైట్లకు మించరాదు. 1996లో విండోస్ 95 రెండవ రూపముతో వచ్చిన 32 బిట్ల పట్టికయే దీనిని సడలించినది.

అన్నిటికంటె ముందు చేయవలసినది పాత డిస్కులోని ప్రతి సెక్టారును వేరొక చోటికి నకలు తీయుట. ముప్పది ఏండ్ల డిస్కు నేడు తిరిగినదని రేపు తిరుగునను నమ్మకము లేదు. శీర్షము పళ్ళెమునకు అంటుకొనిపోవుట అట్టి డిస్కులలో కలదు. యంత్రమును తిరిగి కొనవచ్చును. అందులోని ప్రశ్నపత్రములు, ఉత్తరములు, ఛాయాచిత్రములు తిరిగి దొరకవు.

ఐ.డి.ఇ. లాప్‌టాప్ డిస్కుకు 44 సూదులు ఉండును. బల్లపై నుంచు కంప్యూటర్ల డిస్కు కంటె నాలుగు ఎక్కువ. ఇవి విద్యుత్తు కొరకు చేర్చినవి. సూదులను ఒక వరుస తప్పించి గ్రుచ్చినచో విద్యుత్తు చేరరాని చోట చేరి భాగములు కాలిపోవచ్చును. డిస్కు మందము కూడ గమనింపవలెను. తొలినాటివి 19 మిల్లీమీటర్లు, పిమ్మటివి 12.5, ఆపై 9.5.

నేడు తిరుగు డిస్కునే పెట్టవలెనను నియమము లేదు. 1994లో శాన్‌డిస్క్ సంస్థ తెచ్చిన కాంపాక్ట్ ఫ్లాష్ అను చిన్న పలక ఐ.డి.ఇ. భాషను తానే ఎరుగును. సూదుల అమరికను మార్చు చిన్న సాధనమున్న చాలును. చప్పుడు లేదు, విద్యుత్తు ఖర్చు స్వల్పము, కుదుపునకు భయము లేదు. 4 గిగాబైట్ల పలకయైనను ఆనాటి యంత్రమునకు సముద్రమే. విభాగములను మాత్రము అది పనిచేయవలసిన యంత్రములోనే చేయుట మేలు. స్థూపములను, శీర్షములను మార్చి చెప్పు విధము అన్ని బయాస్‌లలోను ఒకటి కాదు గనుక, ఒక యంత్రములో సిద్ధపరచినది వేరొక యంత్రమునకు తెలియకపోవచ్చును.

ఎనిమిది వందల రెట్లు చాలునని అనుకొన్న హద్దు పదునైదు ఏండ్లలోనే ఇరుకైనది. ప్రతి రెండేండ్లకు రెట్టింపగుదానికి ఎనిమిది వందల రెట్లు పెరుగుటకు ఇరువది ఏండ్లే పట్టును. డిస్కులు అంతకంటెను వేగముగా పెరిగినవి. గుణశ్రేఢి బలమును విద్యార్థులకు బోధించుటకు బీరువాలోని పాత లాప్‌టాప్ కంటె మంచి పరికరము అరుదు.