పిలార్ పడవ, ముగ్గురు పిల్లలు, ఒక సముద్రం

సెలవుల సరదాగా మొదలైన గాలపు వేట, సముద్రపు చేపల్ని కాపాడుకోవాలన్న ఆలోచనకు దారి తీసిన కథ

1935 జులై 20. బహామాస్ దీవుల్లోని బిమినీ రేవు. నాలుగు మార్లిన్ చేపలు వరసగా వేలాడుతున్నాయి. వాటి ముందు ఒక కుటుంబం ఫొటోకు నిలబడింది. తండ్రి రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే. తెల్లవారితే ఆయనకు ముప్పై ఆరేళ్ళు నిండుతాయి. పక్కన భార్య పౌలీన్. పెద్దవాడు జాక్‌కు పదకొండేళ్ళు, మొదటి భార్య హాడ్లీ కొడుకు. సెలవులు ఇస్తే తండ్రి దగ్గరికి వస్తాడు. రెండోవాడు పాట్రిక్‌కు ఏడేళ్ళు. చిన్నవాడు గ్రెగరీకి ఇంకా నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ ఫొటో ఇప్పుడు బోస్టన్‌లోని జాన్ ఎఫ్. కెనెడీ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

ఈ రోజు ఆ ఫొటో చూస్తే ముందు మనసు చివుక్కుమంటుంది. సరదా కోసం అంతంత చేపల్ని చంపాలా అనిపిస్తుంది. అలా అనిపించడం న్యాయమే. కానీ చేపల్ని లెక్కగా పట్టాలన్న నియమం, పట్టినా వదిలేయాలన్న ఆలోచన, అసలు ఆ చేప ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలన్న పట్టుదల చాలావరకు ఇలాంటి పడవల మీదే మొదలయ్యాయి. చేపను చేతికందేంత దగ్గరగా చూసినవాళ్ళకే దాని విలువ ముందుగా తెలిసింది.

కాటలీనాలో తొలి అడుగు

సముద్రంలో పెద్ద చేపను గాలపు కర్రతో, రీలుతో పట్టడం పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా చాలామంది ఊహించని పని. కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న శాంటా కాటలీనా దీవికి అప్పటికే కుటుంబాలు సెలవులకు వస్తుండేవి. అక్కడ చేపలకు లోటు లేదు. లావుపాటి చేతి తాళ్ళు వేసి కుప్పలుతెప్పలుగా లాగి, తినగా మిగిలినవి పారేసేవారు. చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే ప్రకృతి శాస్త్ర రచయితకు అది కళ్ళారా చూసి భరించడం కష్టమైంది. చేపకూ తప్పించుకునే అవకాశం ఉండాలన్నాడు. సన్నటి దారంతో, ఒంటి చేత్తో పోరాడి పట్టగలిగితేనే అది వేట అని వాదించాడు.

చెప్పి ఊరుకోలేదు. 1898 జూన్ 1న చిన్న పడవలో వెళ్ళి 183 పౌండ్ల సూర చేపను, అంటే దాదాపు 83 కిలోల బ్లూఫిన్ ట్యూనాను గాలపు కర్రతో పట్టాడు. ఆ చేప పడవను గంటల తరబడి సముద్రంలో ఈడ్చుకుపోయింది. ఆ ఏడాదే అవలాన్ ఊరిలో ట్యూనా క్లబ్ పెట్టాడు. ఇరవై నాలుగు పోగులకు మించిన దారం వాడరాదు, చేపను దరికి తెచ్చేదాకా ఇంకొకరు చెయ్యి వేయరాదు అని నియమాలు రాసుకున్నారు. దక్షిణ కాలిఫోర్నియా వేట చేపల రక్షణ ఆ క్లబ్ లక్ష్యాల్లో ఒకటి. వేట నేర్పే సంఘమే సంరక్షణ మాట ఎత్తడం ఆ రోజుల్లో కొత్త.

బ్రూక్లిన్‌లో కట్టిన పడవ

హెమింగ్వే ఈ దారిలోకి వచ్చింది ముప్పైల్లో. 1934లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని వీలర్ పడవల కార్ఖానాలో 38 అడుగుల పడవ చేయించుకున్నాడు. ఖరీదు 7,495 డాలర్లు. ఎస్క్వైర్ పత్రిక సంపాదకుడు ఆర్నాల్డ్ గింగ్‌రిచ్ రాయబోయే వ్యాసాల కోసం ముందుగా ఇచ్చిన డబ్బు బయానాకు పనికొచ్చింది. పడవకు పిలార్ అని పేరు పెట్టాడు. అది పౌలీన్‌కు ముద్దుపేరు కూడా.

నల్లటి పొట్ట, లోపల రెండు ఇంజన్లు. పెద్దది దూరాలు పోవడానికి, చిన్నది ఎర వేసి నెమ్మదిగా నడపడానికి. ఆయన చెప్పి చేయించుకున్న మార్పు ఒకటుంది. అమరం, అంటే పడవ వెనక గోడ, మామూలు కన్నా ఒక అడుగు దాకా తగ్గించి, దాని మీద కర్ర రోలరు బిగించాడు. పెద్ద చేపను పైకెత్తాల్సిన పని లేకుండా ఆ రోలరు మీదుగా లోపలికి జారించవచ్చు. అంత బరువును నాలుగు చేతులతో లోపలికి తెచ్చే కష్టం తెలిసినవాడికే తట్టే ఉపాయం అది.

38 అడుగులంటే ఒడ్డున నిలబడి చూసేవాళ్ళకు పెద్దగానే కనిపించవచ్చు. గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహంలోకి వెళ్ళాక అది చిన్న పడవే.

బిమినీ వేసవులు

మయామికి తూర్పుగా ఎనభై కిలోమీటర్ల దూరంలో గల్ఫ్ స్ట్రీమ్ అంచున ఉంటుంది బిమినీ. తీరం దాటిన కాసేపటికే లేత రంగు నీళ్ళు ముదురు నీలంలోకి మారిపోతాయి. లోతు ఒక్కసారిగా వందల మీటర్లకు దిగిపోతుంది. మెక్సికో గల్ఫ్‌లో గుడ్లు పెట్టిన పెద్ద సూర చేపలు మే, జూన్ నెలల్లో ఈ అంచు వెంబడే ఉత్తరానికి సాగిపోతాయి.

తొలి ప్రయాణమే బెడిసికొట్టింది. 1935 ఏప్రిల్‌లో కీ వెస్ట్ నుంచి బయల్దేరిన కాసేపటికి ఒక సొరచేప గాలానికి పడింది. దాన్ని చంపబోయి పిస్తోలు పేలిస్తే, గుండు పడవ అంచుకున్న ఇత్తడి పట్టీకి తగిలి ముక్కలై హెమింగ్వే రెండు కాళ్ళలోకీ దూసుకుపోయింది. వెనక్కి తిరిగి, వైద్యం చేయించుకుని, కొద్ది రోజులకే మళ్ళీ బయల్దేరాడు.

బిమినీలో అసలు శత్రువు సొర. అలసిన చేప ఎక్కడ ఆగినా సొరలు వచ్చి పడతాయి. చిత్రకారుడు మైక్ స్ట్రేటర్ ఆ వసంతంలో పట్టిన గొప్ప మార్లిన్ పడవ దగ్గరికి చేరేసరికి వెనక భాగం సొరల పాలైంది. అప్పటిదాకా అక్కడ ఎవరికీ పెద్ద సూర చెక్కుచెదరకుండా దొరకలేదు. హెమింగ్వే వేరే పద్ధతి పట్టాడు. చేపకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వకుండా మొదటి నుంచీ బలమంతా పెట్టి లాగాలి. దానికి అలుపొచ్చేలోపే దరికి తేవాలి. అలా 381 పౌండ్ల సూర, 173 కిలోల చేప, ఒంటి మీద సొర పన్ను గాటు లేకుండా రేవుకు చేరింది.

మార్లిన్ వేట తీరు వేరు. అది ఎరను వెంటనే మింగదు. ముందు పొడవాటి ముక్కుతో ఎరను కొట్టి, తర్వాత తిరిగి వచ్చి నోట పెట్టుకుంటుంది. ఆ మొదటి దెబ్బకే కంగారుపడి కర్ర లాగితే చేప పోయినట్టే. దారం వదులు చేసి, దాన్ని మింగనిచ్చి, అప్పుడు లాగాలి. ఎదురుచూడ్డం పెద్దవాళ్ళకే కష్టం. ఆ ఓపికను పిల్లలు పడవ మీదే చూసి నేర్చుకున్నారు.

ఆ వేసవులు 1937తో ముగిశాయి. పిలార్ క్యూబాకు తరలింది, 1940లో పౌలీన్‌తో విడాకులయ్యాయి. కానీ బిమినీ ఆయన్ని వదల్లేదు. మరణానంతరం 1970లో వచ్చిన ‘ఐలాండ్స్ ఇన్ ద స్ట్రీమ్’ నవల మొదటి భాగం పేరే బిమినీ. అందులో ముగ్గురు కొడుకులు సెలవులకు తండ్రి దగ్గరికి వస్తారు. నడిమివాడు డేవిడ్ గంటల తరబడి ఒక కత్తిచేపతో పోరాడి చివరి క్షణంలో పోగొట్టుకుంటాడు. పిల్లవాడి అరచేతులు, పాదాలు నెత్తురోడతాయి. తండ్రి ఆపమనలేక, చూడలేక పక్కనే ఉంటాడు. కల్పన అయినా, సొంత పిల్లలతో పడవ మీద వేసవులు గడిపిన తండ్రి రాసిన పుటలవి.

పడవ నడిపినవాళ్ళ చదువు

ఈ కథలో పేర్లు తక్కువగా వినిపించే గురువులు వేరే ఉన్నారు. క్యూబా జాలరి కార్లోస్ గుటియెరెజ్ చిన్ననాటి నుంచీ మార్లిన్‌ను వేటాడినవాడు. ఏ నెలలో ఏ చేప ఏ లోతున తిరుగుతుందో హెమింగ్వేకు చెప్పింది ఆయనే. ఒంటరిగా వెళ్ళిన ముసలి జాలరిని ఒక మార్లిన్ సముద్రంలోకి ఈడ్చుకుపోవడం, చివరికి సగానికి పైగా చేప సొరల పాలవడం కూడా కార్లోస్ చెప్పిన సంగతే. 1936లో ఎస్క్వైర్‌లో హెమింగ్వే దాన్ని కొద్ది వాక్యాల్లో రాశాడు. పదహారేళ్ళకు, 1952లో, అదే ‘ద ఓల్డ్ మాన్ అండ్ ద సీ’ అయింది. కార్లోస్ తర్వాత పిలార్ మీద పని చేసిన గ్రెగోరియో ఫ్యుయెంతెస్ నూట నాలుగేళ్ళు బతికి 2002లో కన్నుమూశాడు. నోబెల్ దాకా వెళ్ళిన ఆ కథకు మూలం జాలర్ల అనుభవం. అది గుర్తుపెట్టుకోవడం మన బాధ్యత.

రేవు నుంచి ప్రయోగశాలకు

1934లో ఫిలడెల్ఫియా ప్రకృతి శాస్త్ర అకాడమీ నుంచి చార్లెస్ కాడ్‌వాలడర్, చేపల శాస్త్రవేత్త హెన్రీ ఫౌలర్ క్యూబా వచ్చి పిలార్ మీద గడిపారు. తెల్ల మార్లిన్, నీలి మార్లిన్, నల్ల మార్లిన్ అన్నీ ఒకే చేప వయసు దశలేమోనని హెమింగ్వే అనుమానం. అది నిజం కాదని తర్వాత తేలింది. కానీ ఆయన ఇచ్చిన కొలతలు, నమూనాలు ఫౌలర్‌కు ఉపయోగపడ్డాయి. కృతజ్ఞతగా ఫౌలర్ 1935లో ఒక కొత్త చేపకు హెమింగ్వే పేరు కలిపి నామకరణం చేశాడు.

బిమినీలోనే వేటాడే మైకేల్ లెర్నర్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన చొరవతో 1939 జూన్ 7న న్యూయార్క్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ ఏర్పడింది. మ్యూజియం శాస్త్రవేత్త విలియం కింగ్ గ్రెగరీ తొలి అధ్యక్షుడు. హెమింగ్వే తర్వాత ఉపాధ్యక్షుడయ్యాడు. ప్రపంచమంతటా ఒకే నియమం, ఒకే లెక్క ఉండాలన్నది దాని పట్టు. 1948లో బిమినీలో లెర్నర్ సముద్ర ప్రయోగశాల కూడా వెలసింది.

అసలు మలుపు 1954లో వచ్చింది. వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన ఫ్రాంక్ మేథర్ సరదా వేటగాళ్ళకు ఒక పని అప్పగించాడు. పట్టిన చేపకు చిన్న గుర్తు గుచ్చి మళ్ళీ నీళ్ళలో వదిలేయడం. అమెరికా తీరంలో అలా వదిలిన సూర చేపల్లో కొన్ని, కొన్నేళ్ళకు ఐరోపా తీరంలో దొరికాయి. ఒక దేశపు తీరంలో తిరిగే చేప మహాసముద్రం దాటి ఇంకో దేశానికి పోతోందని చేతిలో రుజువు పడింది. ఏ ఒక్క దేశమూ ఒంటరిగా దాన్ని కాపాడలేదని తేలింది. అట్లాంటిక్ సూర చేపల రక్షణకు దేశాల మధ్య 1966లో ఒప్పందం కుదిరి, 1969 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇంకో సంగతీ బయటపడింది. నీలి మార్లిన్‌లో మగది మహా అయితే 160 కిలోల దగ్గర ఆగిపోతుంది. అంతకు మించి పెరిగేవి ఆడవే. అంటే రికార్డుల కోసం చంపిన భారీ చేపలన్నీ గుడ్లు పెట్టే తల్లులే. ఈ లెక్క తెలిశాక మార్లిన్‌ను వదిలేయడం మర్యాద స్థాయి దాటి బాధ్యత అయింది. 2012లో అమెరికా మార్లిన్ అమ్మకాన్నే దాదాపు దేశమంతటా నిషేధించింది.

బిమినీ పిల్లల్లో పెద్దవాడు జాక్ ఇదే దారి పట్టాడు. 1970ల్లో ఐడహో రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల కమిషన్ సభ్యుడిగా, పట్టిన చేపను వదిలేసే పద్ధతి కోసం పాటుపడ్డాడు. సిల్వర్ క్రీక్ వాగును కాపాడటంలో ఆయన పాత్ర ఉంది. పాట్రిక్ టాంజానియాలో చాలా ఏళ్ళు ఉండి, ఎమ్వెకా కళాశాలలో వన్యప్రాణి సంరక్షణ పాఠాలు చెప్పాడు.

మన తీరం మాట

ఉత్తరాంధ్ర జాలర్లకు మార్లిన్ కొత్త కాదు. వాళ్ళు దాన్ని కొమ్ముకోనం అంటారు. 2022లో ఉమ్మడి విశాఖ జిల్లా తీరం నుంచి వేటకెళ్ళిన ఒక మత్స్యకారుడు కొమ్ముకోనం పొడవడంతో ప్రాణాలు కోల్పోయాడు. విశాఖ రేవు నుంచి గాలాలు కట్టుకుని సూర వేటకు లోతు నీళ్ళలోకి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. హెమింగ్వే సరదా కోసం చేసిన పోరాటం వాళ్ళకు బతుకుతెరువు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం వచ్చినప్పుడు, చేపలు గుడ్లు పెట్టుకోవడానికి పస్తులుండి చోటిచ్చేది కూడా వాళ్ళ ఇళ్ళే.

మనవాళ్ళు సెలవులకు భీమిలికో, సూర్యలంకకో, మైపాడుకో వెళ్తారు. అలలు చూసి, ఫొటోలు దిగి తిరిగొస్తారు. అక్కడితో ఆగకుండా, పిల్లల్ని తెల్లవారుజామున పడవలు ఒడ్డు చేరే వేళకు తీసుకెళ్ళాలి. జాలరి తాతను అడిగి ఏ చేప ఏ నెలలో వస్తుందో, చిన్న చేప పడితే ఎందుకు నష్టమో చెప్పించాలి. పడవెక్కాలంటే లైఫ్ జాకెట్ వేసి, సముద్రం తెలిసిన సరంగు మాట విని వెళ్ళాలి. గాలం వేస్తే పట్టిన చేపను వదిలే పద్ధతీ నేర్పాలి. అమెరికా వేటగాళ్ళు సముద్రం ఇచ్చినన్నాళ్ళూ తీసుకుని, తరిగాక మేలుకున్నారు. మన పిల్లలు తరగక ముందే మేలుకోవచ్చు. నేర్పగలిగిన గురువులు మన తీరం పొడుగునా ఉన్నారు, వాళ్ళను అడగాల్సింది మనమే.