తుంటి కీలు మార్పిడి - అస్థానమున పెరుగు ఎముక

ఎముక ఉండదగని చోట, అనగా కండరముల నడుమ, క్రొత్త ఎముక పుట్టుట వైద్యులు చిరకాలముగా ఎరిగిన విషయము. దీనిని వారు హెటెరోటాపిక్ ఆసిఫికేషన్ అని వ్యవహరింతురు. అరిగిపోయిన తుంటి కీలును తొలగించి కృత్రిమ కీలు అమర్చిన పిమ్మట కొందరిలో ఇది కనబడును. ఎవరికి వచ్చునో ముందుగా తెలిసికొనుటకు జరిగిన అన్వేషణ చరిత్రను, అందుండి పరభాషా ప్రాంతములలో స్థిరపడిన మనము గ్రహింపవలసిన దానిని సంగ్రహముగా నివేదించుట ఈ వ్యాసోద్దేశము.

మొదటి ప్రపంచయుద్ధమున వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన సైనికులను ఫ్రాన్సు దేశమున ఆగస్టా దెజెరీన్-క్లుంప్కె అను వైద్యురాలు తన సహవైద్యునితో కూడి పరీక్షించి, వారి తుంటి, మోకాలి కీళ్ల చుట్టును ఎముక పెరుగుటను 1918లో వర్ణించెను. దెబ్బతగిలిన చోటు వెన్ను. ఎముక పెరిగిన చోటు తుంటి. ఈ వైచిత్రి చాలకాలము వైద్యులను ఆలోచింపజేసినది.

1962లో ఇంగ్లండున రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ లోహపు బంతిని, ప్లాస్టిక్ గిన్నెను జతపరచి నిర్మించిన కృత్రిమ తుంటి కీలు సఫలమయ్యెను. ఆ చికిత్స దేశదేశములకు వ్యాపించినకొలది ఈ ఎముక సమస్యయు వెలుగులోనికి వచ్చినది. 1973లో అమెరికాలో బ్రూకర్ మొదలగు వైద్యులు 100 మంది రోగులను పరిశీలింపగా 21 మందిలో ఇట్టి ఎముక కనబడినది. ఎక్స్-రే చిత్రమును బట్టి వారు దీనిని నాలుగు తరగతులుగా విభజించిరి. మొదటి తరగతిలో ఎముక చిన్న చిన్న ద్వీపములవలె నుండును. నాలుగవ తరగతిలో కీలు పూర్తిగా బిగిసిపోయినట్లు కనబడును. మొదటి తరగతులవారిలో పెక్కుమందికి బాధయే తెలియదు. పై తరగతులవారికి వంగుట, కూర్చుండుట, మెట్లెక్కుట కష్టమగును.

కండరమున ఎముక ఎట్లు పుట్టును? ఖనిజములు తొలగించిన ఎముక ముక్కను జంతువుల కండరములలో నుంచినచో అచ్చట క్రొత్త ఎముక ఏర్పడునని 1965లో మార్షల్ యూరిస్ట్ నిరూపించెను. ఎముకగా మారగల కణములు, వానిని ప్రేరేపించు పదార్థము, అనుకూలమైన పరిసరము - ఈ మూడును కూడవలెనని 1975లో చామర్స్ మున్నగువారు వివరించిరి. శస్త్రచికిత్సలో కండరము గాయపడును, ఎముక పొడి చుట్టును చెదరును. అయినను అందరికిని ఈ ఉపద్రవము కలుగుట లేదు. కాగా రోగి శరీరతత్త్వమునందును కారణములను వెదుకవలసి వచ్చినది.

అట్లు వెదకి తేల్చిన వానిలో ముఖ్యమైనది పూర్వచరిత్ర. ఒక తుంటిలో ఇట్టి ఎముక పెరిగినవారికి రెండవ తుంటిలోను పెరుగు అవకాశము మిక్కిలి హెచ్చు. స్త్రీలకంటె పురుషులకు ఎక్కువ. వెన్నెముక బిగిసిపోవు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ గలవారును, వెన్నుపూసల వెంబడి ఎముక పేరుకొను వ్యాధి గలవారును, కీలు చుట్టును ఎముక మొలకలు విస్తారముగా పెరిగినవారును జాగ్రత్త వహింపవలెను. ఈ రెండవ వ్యాధిని 1950లో ఫొరెస్టియర్, రోటెస్-కెరోల్ అను వైద్యులు వర్ణించిరి.

ఎముక పెరుగుట యనగనే తెలుగువారికి ఫ్లోరోసిస్ స్ఫురించును. అప్పటి నెల్లూరు జిల్లాలో ఆ వ్యాధిని గూర్చి 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధము. కాని అది త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన క్రమముగా శరీరమందలి ఎముకలన్నిటికిని సోకునది. ఇది శస్త్రచికిత్స జరిగిన కీలు చుట్టును కొలది వారములలో పొడసూపునది. రెంటిని ఒకటిగా భావింపరాదు.

నివారణోపాయములు రెండు కలవు. వాపును తగ్గించు ఇండోమెథాసిన్ వంటి మందులు ఒకటి, రేడియేషన్ రెండవది. ఈ రెండవ దానిని గూర్చి అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు కావెంట్రీ, స్కాన్లన్ తమ తొమ్మిదేండ్ల అనుభవమును 1981లో ప్రకటించిరి. ఈ రెంటికిని గడువు స్వల్పము. రేడియేషన్ శస్త్రచికిత్సకు ముందు ఒకనాటి లోపలనో, తరువాత మూడునాళ్ల లోపలనో జరుగవలెను. ఎముక గట్టిపడిన పిమ్మట దానిని కరగించు మందు లేదు. మరల కోసి తీయుటయే శరణ్యము. మందులకు, రేడియేషనుకు దోషములును కలవు గనుక అందరికిని ఇవ్వరు. ఎవరికి అవసరమో నిర్ణయించుటకు వైద్యునికి ఎక్స్-రే ఒక్కటియే చాలదు, రోగి చెప్పు మాటయు కావలెను.

ఇచ్చటనే మన సమస్య యున్నది. ఇంటిలో తెలుగు తప్ప ఎరుగని ముసలమ్మ "తెల్లవారి లేచునప్పటికి నడుము కొయ్యవలె బిగుసుకొనును, నడిచిన కొలది సడలును" అని చెప్పును. ప్రక్కనున్న మనుమడు కన్నడమున "నోవు" అనియో, తమిళమున "వలి" అనియో ఒక్క మాటతో ముగించును. నొప్పి వేరు, బిగువు వేరు. వైద్యుడు వెదకుచున్న గుర్తు ఆ బిగువులోనే యుండవచ్చును. అది ఆ ఒక్క మాటలో మరుగుపడినది. మాతృభాషను పిల్లలకు నేర్పుట పద్యములు వల్లించుటకొరకే కాదు. పెద్దల బాధను ఉన్నదున్నట్లు వైద్యునికి అందించుటకును.

కావున శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి మూడు సంగతులు విన్నవింపవలెను: పూర్వము ఏ కీలు చుట్టునైనను ఎముక పెరిగినదా, వెన్ను బిగిసిపోవు వ్యాధి కలదా, ఆ తుంటికి లోగడ దెబ్బగాని కోతగాని తగిలినదా. వీనిని రెండు భాషలలోను ఒక కాగితముపై వ్రాసి ఇచ్చుట మన సంఘములు సులభముగా చేయదగిన సేవ.