'ఏపీ స్ట్రెయిన్' అపవాదు – దానిని తుడిచిన లెక్కలు

ప్రత్యేక సంచికకు చారిత్రక విషయమేదైనా రాయమన్నారు. చరిత్ర అంటే రాజులూ కోటలే కానక్కరలేదు, మన కళ్ళ ముందు జరిగినదీ చరిత్రే. ఆరోగ్య శాఖలో చాలాకాలం గణాంకాలు చూసినవాడిని కనుక, 2021 మే నెలలో మన రాష్ట్రానికి వచ్చిన ఒక చెడ్డపేరు గురించీ, అది పోయిన తీరు గురించీ నాలుగు మాటలు రాస్తున్నాను.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. మనుషులకు ఆ జబ్బు తెచ్చే వైరస్‌ను వేరుచేసింది 1933లో. 1918 నాటి వైరస్ పూర్తి జన్యుక్రమం తెలిసింది 2005లో. కరోనా సంగతి అలా కాదు. 2019 డిసెంబరులో వూహాన్‌లో జబ్బు బయటపడితే, 2020 జనవరి రెండో వారానికే సుమారు 30 వేల అక్షరాల ఆ జన్యుక్రమం ప్రపంచమంతటికీ అందింది.

వైరస్ తన నకళ్ళు తాను తీసుకుంటూ పెరుగుతుంది. నకలు తీసేటప్పుడు అక్కడక్కడ అక్షరం తప్పు పడుతుంది. దీనిని మ్యుటేషన్ అంటారు. (రెవెన్యూ మిత్రులు పట్టాదారు పేరు మార్పిడి అనుకోవద్దు!) కరోనాలో ఇవి నెలకు సుమారు రెండు చొప్పున పోగుపడుతూ వచ్చాయి. మన రావులపాలెం అరటి మార్కెట్టు నుండి ఒడిశా వెళ్ళే లారీ వే బిల్లు మీద ఒకప్పుడు ఒక్కొక్క చెక్‌పోస్టు ముద్ర పడినట్లన్నమాట. ముద్రలు వరుసగా చూస్తే బండి ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది.

ఈ ముద్రలు చదవడానికి 2020 డిసెంబరులో కేంద్రప్రభుత్వం పది ప్రయోగశాలలతో 'ఇన్సాకాగ్' అనే కూటమి ఏర్పాటు చేసింది. హైదరాబాదులోని సీసీఎంబీ అందులో ఒకటి. దక్షిణాది నమూనాలలో, ముఖ్యంగా మన రాష్ట్రపు నమూనాలలో, ఎన్440కె అనే మార్పు అప్పటికే కనబడుతోంది. వైరస్ పైనుండే స్పైక్ ప్రోటీనులో 440వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం బదులు మరొకటి రావడమే ఆ మార్పు.

2021 ఏప్రిల్ చివర సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన వెలువరించారు. ప్రయోగశాలలో పెంచిన కణాలలో ఈ రకం, అంతకుముందున్న ఒక రకం కంటే పది రెట్లు, మరొక రకం కంటే వెయ్యి రెట్లు ఎక్కువగా పెరిగిందన్నారు. గాజుపాత్రలోని లెక్క అది. పత్రికలలోకి, టీవీలలోకి వచ్చేసరికి 'ఏపీ స్ట్రెయిన్' అయి కూర్చుంది. మే మొదటి వారంలో ఢిల్లీ అధికారులు ఆంధ్ర, తెలంగాణల నుండి వచ్చేవారికి 14 రోజుల క్వారంటైన్ విధించారు. టీకా రెండు డోసులు వేయించుకున్నవారికి, నెగటివ్ రిపోర్టు ఉన్నవారికి మాత్రం కొంత సడలింపు ఇచ్చారు. పిల్లలు ఢిల్లీలో ఉన్న మన సభ్యులకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

ఆ అపవాదుకు జవాబు మళ్ళీ సీసీఎంబీ లెక్కలలోనే దొరికింది. ఊళ్ళ నుండి వచ్చిన నమూనాలను తేదీలవారీగా పేర్చి చూస్తే ఎన్440కె తగ్గుముఖంలో ఉంది. దాని స్థానంలో పెరుగుతున్నది బి.1.617, అంటే మొదట మహారాష్ట్రలో ఎక్కువగా కనబడిన రకం. దాని శాఖలలో ఒకదానికే మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ 'డెల్టా' అని పేరు పెట్టింది. ఊరి పేరుతో, దేశం పేరుతో వైరస్‌ను పిలిస్తే అక్కడివారికి కళంకం అంటుతుందనే గ్రీకు అక్షరాలు ఎంచుకున్నామని ఆ సంస్థే చెప్పింది. ఆ కళంకం ఎలాంటిదో మనకు వేరే చెప్పాలా?

ఇందులో గ్రహించవలసినది ఒకటుంది. గొప్ప యంత్రం 30 వేల అక్షరాలూ చదివి పెడుతుంది. కానీ ఆ నమూనా ఏ ఊరిదో, ఏ రోజు తీసినదో సీసా మీద రాసి ఉండకపోతే అవి ఉత్త అక్షరాలే. ఏ రకం పెరుగుతోందో, ఏది తగ్గుతోందో తేల్చడానికి దారి ఉండదు. రాష్ట్రాన్ని కాపాడిన ఆ తేదీలూ, ఊళ్ళ పేర్లూ రాసినవారు పీపీఈ సూట్లలో చెమటలు కక్కిన ల్యాబ్ టెక్నీషియన్లు, ఆరోగ్య కార్యకర్తలు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు. వారి పేర్లు ఏ పత్రికలోనూ పడలేదు. రిజిస్టర్లతో జీవితం గడిపిన మనమైనా వారిని తలచుకోవాలి.

2022లో విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో మన రాష్ట్రానికీ ఇటువంటి ప్రయోగశాల వచ్చింది. సంతోషమే. ఇకపై జ్వరాల సర్వేకు ఎవరైనా మన గుమ్మం ఎక్కితే విసుక్కోకుండా, జ్వరం వచ్చిన తేదీ, వెళ్ళివచ్చిన ఊళ్ళు సరిగా చెప్పి రాయించవలసిందిగా సభ్యులకు నా మనవి.