రామగిరి బంగారం: కనుగొన్నదెవరు?

అనంతపురం జిల్లాలో బంగారం "కనుగొన్నారు" అని పత్రికలు మళ్ళీ రాస్తున్నాయి. 2015లో గనుల చట్టాన్ని సవరించి వేలం పద్ధతి తెచ్చారు. ఆ పద్ధతి కింద 2020ల మొదటి సంవత్సరాల్లో రామగిరి, బొక్సంపల్లి ప్రాంతాలను బ్లాకులుగా కోసి వేలానికి ప్రకటించినప్పుడు కూడా ఇదే మాట వాడారు. మనం భాషతో పనిచేసేవాళ్ళం. కనుక ముందు ఈ క్రియాపదం దగ్గరే కాస్త ఆగుదాం. కనుగొన్నది ఎవరు? ఎప్పుడు?

రామగిరి పూర్వం ధర్మవరం తాలూకాలోది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఈ పేరు వినగానే పత్రికలు చదివేవాళ్ళకు ఫ్యాక్షన్ తప్ప మరొకటి గుర్తురాకపోవడం మన దురదృష్టం. 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో ఇంగ్లీషు కంపెనీలు ఇక్కడ దిగాయి. అనంతపూర్ గోల్డ్ ఫీల్డ్, నార్త్ అనంతపూర్, జిబుటిల్ అని వాటి పేర్లు. ఇవి కోలారును నడిపిన జాన్ టేలర్ అండ్ సన్స్ పెత్తనం కింద ఉండేవి. ఇన్ని కొండలూ గుట్టలూ ఉండగా ఈ దొరలు సరిగ్గా ఇక్కడే ఎందుకు తవ్వారు? శాస్త్రజ్ఞానం వల్ల అని జవాబు చెబితే అది సగం నిజమే. మిగతా సగం నేలమీదే కనబడుతూ ఉంది. పలుగురాతి చారల వెంట వరుసగా పాత గుంతలు, పక్కనే నూరిన రాతిపొడి గుట్టలు. ఇంగ్లీషు నివేదికలు వీటిని "ఓల్డ్ వర్కింగ్స్" అన్నాయి. పాత పనులు! పని ఉంది, పనివాడు లేడు. కర్త లేని వాక్యం అది.

ఆ లేని కర్త చేసినదేమిటో చూద్దాం. బంగారం ఇక్కడ ముద్దలుగా దొరకదు. పలుగురాతిలో కంటికి ఆనని రజనుగా ఉంటుంది. టన్ను రాతిని పిండి చేస్తే వచ్చేది కొద్ది గ్రాములు. ఏ చారలో ఉంది, ఏ చార వట్టిది అన్నది చూపుతో, చేత్తో పట్టుకోవాలి. కట్టెలు పేర్చి రాతిని కాల్చి, వేడిమీద నీళ్ళు కొట్టి పగలగొట్టాలి. బండమీద నూరాలి. నీళ్ళలో కడిగి, బరువైన రజనును అడుగున నిలుపుకోవాలి. తెలుగులో "జలగడుగు" అనే మాట ఇప్పటికీ ఉంది. కంసాలి కొట్టు ముందరి మట్టిని కడిగి బంగారు పొడి ఏరుకునే వాళ్ళకు అదే పేరయింది. చరిత్ర పుస్తకాలు మరిచిన నైపుణ్యాన్ని నిఘంటువు దాచిపెట్టింది. ఈ పని ఎంత లోతుకు పోయిందో తెలియాలంటే మన పొరుగున రాయచూరు జిల్లాలోని హట్టిని చూడాలి. అక్కడి పాత పనులు 600 అడుగులు దాటాయి. అందులో దొరికిన కర్రల వయసు దాదాపు 2000 ఏళ్ళని తేల్చారు. నీళ్ళు తోడే యంత్రంగానీ, గాలి ఊదే యంత్రంగానీ లేని కాలంలో ఆ లోతుకు దిగినవాళ్ళు ఎవరో ఏ శాసనమూ చెప్పదు.

కోలారు కథా ఇంతే. 1802లో మైసూరు సరిహద్దులు సర్వే చేస్తున్న వారెన్ అనే సైనికాధికారి బంగారం సంగతి విన్నాడు. చూపినవాళ్ళకు బహుమానమన్నాడు. ఉరిగాం దగ్గర ఊరివాళ్ళు బండి మట్టి తెచ్చి ఆయన కళ్ళముందే కడిగి రజను చూపించారు. చరిత్రలో నిలిచింది మాత్రం వారెన్ పేరు. తర్వాత 1870లలో లావెల్, 1880లో జాన్ టేలర్ వచ్చారు. ఊరివాళ్ళు "స్థానికులు" అయిపోయారు. అమెరికాలో బంగారం, వెండి బయటపడడాన్ని మార్క్స్ పెట్టుబడి పుట్టుకతో ముడిపెట్టి చూశాడు. ఆ చూపుతో చూస్తే, మన గనుల్లో కొల్లగొట్టింది లోహాన్ని మాత్రమే కాదని తెలుస్తుంది. లోహం ఎక్కడుందో తెలిసిన తెలివిని కూడా ఉచితంగా తీసుకున్నారు.

రామగిరి కంపెనీలు 1927 నాటికి మూతపడ్డాయి. మరుసటి ఏడు, 1928లో, నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు దత్తమండలాలకు "రాయలసీమ" అని పేరు పెట్టాడు. ఇది యాదృచ్ఛికమే. అయినా నాకు ఇందులో ఒక వెక్కిరింపు కనిపిస్తుంది. అంగళ్ళలో రాశులుగా పోసిన రతనాల గురించి మనం అప్పటి నుంచీ పాడుతూనే ఉన్నాం. అదే కాలంలో నిజంగా రాతినుంచి బంగారం తీసి, పని పోగొట్టుకుని ఇంటికి పోయిన కూలీ గురించి ఒక్క మాటా పాడలేదు. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" కరువు రైతుకు గొంతునిచ్చింది. సింగరేణి బొగ్గుకు తెలుగులో కథలు వచ్చాయి. రామగిరి గనికి మన సాహిత్యంలో ఆపాటి చోటు దక్కలేదు. దీనికి కరువును వానకు మాత్రమే ముడిపెట్టే మన అలవాటు ఒక కారణమనుకుంటాను. సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఈ పీఠభూమిలో గనిపని కూడా కరువు చరిత్రలో భాగమే. చేను ఎండిన ఏడు మనిషి ఎంత తక్కువ కూలికైనా గనిలోకి దిగుతాడు.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వరంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ రామగిరిలో మళ్ళీ గని తెరిచింది. 2001లో కోలారుతోపాటు దాన్నీ మూసేశారు. గిట్టుబాటు కాలేదన్నారు. ఆ సంస్థ లెక్కల సంగతి అటుంచితే, అప్పటికంటే ఇప్పుడు బంగారం ధర ఎన్నో రెట్లు పెరిగింది. రాయి అదే. చార అదే. అందుకే మళ్ళీ "కనుగొన్నారు".

ఈసారి డ్రిల్లు దిగేది కూడా పాత గుంతల పరిసరాల్లోనే. రాయి నూరడానికి, సైనైడుతో కరిగించడానికి నీళ్ళు కావాలి. మిగిలిన పిండిరాయిని ఎక్కడో పోయాలి. కోలారు సైనైడు దిబ్బల దుమ్ము ఎండాకాలంలో ఎవరి ఇళ్ళలోకి వస్తుందో అక్కడివాళ్ళను అడిగితే చెబుతారు. వేలం షరతుల్లో ప్రభుత్వానికి వచ్చే వాటా శాతాల్లో ఉంటుంది. బోరు ఎండితే రైతుకు వచ్చే వాటా ఎక్కడ రాశారో వెతుక్కోవాలి.

రామగిరి కొండలమీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. కింద వేరుశనగ చేలు. పంట పోయిన ఏడు ఈ చేల ఆడవాళ్ళు మెడలోది, చెవులది తీసి ధర్మవరం బ్యాంకుల్లో కుదువపెడతారు. తూకం వేసే గుమాస్తా బంగారాన్ని గీటురాయిమీద గీసి చూసి, గ్రాముకింతని చీటీ రాసిస్తాడు. ఆ చీటీమీద మాత్రం పేరుంటుంది. పక్కన వేలిముద్ర.