పెరటి కోడి పుట్టిల్లు

చీకటి పడేవేళకు గూట్లోకి తోలకపోతే నాటుకోడి నేల మీద పడుకోదు. వేపకొమ్మో, మునగకొమ్మో చూసుకుని ఎగిరి ఎక్కి కూర్చుంటుంది. తెల్లవారి దిగాక కాళ్ళతో నేల గీరుతుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, బయటపడ్డ పురుగును ముక్కున కరుచుకుంటుంది. ఎండ ముదిరితే మెత్తటి దుమ్ములో గుంట చేసుకుని పొర్లి, ఈకల సందుల్లోకి మట్టి చల్లుకుంటుంది. ఈ పనులు దానికి ఎవరూ నేర్పలేదు. తల్లి లేకుండా పెరిగిన పిల్ల కూడా ఇవే చేస్తుంది. ఇవన్నీ వెదురు పొదల కింద బతికే అడవికోడి అలవాట్లు. మూడు వేల ఏళ్ళకు పైగా మనిషి పంచన ఉన్నా వాటిని అది వదులుకోలేదు.

అడవికోళ్ళలో నాలుగు జాతులున్నాయి. ఒకటి శ్రీలంకకు, ఇంకొకటి జావా, దాని చుట్టుపక్కల దీవులకు పరిమితం. మిగిలిన రెండూ మన దేశంలో ఉన్నాయి. ఎర్ర అడవికోడి హిమాలయాల పాదాల నుంచి తూర్పు కనుమల వెంట దాదాపు గోదావరి దాకా కనిపిస్తుంది. బూడిదరంగు అడవికోడి అక్కడి నుంచి దక్షిణానికి, పడమటి కనుమలకు చెందినది. నల్లమలలో తిరిగేది ఇదే. అంటే ఈ రెండు జాతుల సరిహద్దు తెలుగు నేల మీదుగానే పోతోంది. పుంజుల్ని చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఎర్రది మన ఊళ్ళలోని డేగ పుంజుకు చిన్నన్నలా ఉంటుంది, కూత కూడా దాదాపు అదే. బూడిదరంగు పుంజు మెడ ఈకల మీద మైనం అద్దినట్టు మెరిసే చుక్కలుంటాయి, కూత వేరు. ఇంకొక్క తేడా ఉంది, కాళ్ళ రంగు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇంటి కోడి వీటిలో దేని సంతానం? ఈ ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పినవాడు చార్లెస్ డార్విన్. పెంపుడు జంతువుల మీద 1868లో వెలువరించిన గ్రంథంలో, లోకంలోని కోళ్ళన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి ఒక్కటేనని తేల్చాడు. ఆయనకు ఆధారాలు పంపినవాళ్ళలో ముఖ్యుడు కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్. ఆ తర్వాత మొహెంజొదారోలో కోడి ఎముకలు దొరికాయన్నారు. దాంతో సింధు లోయలోనే కోడిని మచ్చిక చేశారన్న మాట పాఠ్యపుస్తకాల దాకా పాకింది. 1994లో జపాన్ రాకుమారుడు అకిషినో, ఆయన సహచరులు డీఎన్‌ఏ చూసి, పుట్టిల్లు థాయిలాండ్ వైపు ఉందన్నారు. 2020లో ఎనిమిది వందలకు పైగా కోళ్ళ, అడవికోళ్ళ జన్యుపటాలను పోల్చిన పరిశోధకులు ఇంకా స్పష్టంగా చెప్పారు. నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతంలో తిరిగే ఒక ఉపజాతి ఎర్ర అడవికోడే ఇంటి కోడికి అతి దగ్గరి చుట్టం. మన దేశపు అడవికోడి రక్తం ఆ తర్వాత వచ్చి కలిసింది.

ఎప్పుడు, ఎలా అన్నవి ఇంకా ఆసక్తికరమైన ప్రశ్నలు. ఆరు వందలకు పైగా తవ్వకాల చోట్ల దొరికిన కోడి ఎముకల్ని మళ్ళీ పరిశీలించిన ఫలితాలు 2022లో వచ్చాయి. నమ్మదగిన తొలి ఇంటి కోడి మధ్య థాయిలాండ్‌లోని బాన్ నోన్ వాట్ అనే పాత ఊళ్ళో దొరికింది. కాలం క్రీ.పూ. 1650కి, 1250కి నడుమ. అంతకుముందు ఎనిమిది వేల, పది వేల ఏళ్ళ నాటివన్న ఎముకలు చాలావరకు వేరే పక్షులవో, పై పొరల నుంచి జారినవో అయ్యాయి. ఆ పరిశోధకులు గమనించిన ఇంకో విషయం ఉంది. కోడి ఎముకలు కనిపించే కాలం, మెట్ట వరి, చిరుధాన్యాల సేద్యం ఆ ప్రాంతాల్లో విస్తరించిన కాలం ఒకదానికొకటి సరిపోతున్నాయి.

నాకు ఈ భాగం అన్నిటికన్నా ఇష్టం. అడవికోడి వెదురు గింజ రాలిన చోటికి గుంపుగా చేరే పక్షి. అడవి అంచున మనిషి పొలం చేసి, కళ్ళం చేసి, గింజలు రాల్చాడు. కోళ్ళు ఆ గింజల కోసం వచ్చాయి. కొన్ని మనిషికి అంతగా బెదరలేదు. అవే ఇంటి వెనక గూడు కట్టాయి, వాటి పిల్లలే మిగిలాయి. వల వేసి పట్టి తెచ్చిన కథ కాదిది. ఈనాటికీ వడ్లు ఎండబోసిన చోట కర్ర పట్టుకుని కూర్చున్న ముసలమ్మకూ, చాప అంచు దాకా వచ్చి మెడ చాచే పెట్టకూ మధ్య నడుస్తున్నది ఆ మొదటి బేరమే.

అక్కడి నుంచి కోడి వర్తకుల ఓడల్లో, బిడారుల్లో పడమటికి నడిచింది. యూరప్ చేరేసరికి దాదాపు క్రీ.పూ. 800. అక్కడ కొన్ని వందల ఏళ్ళు దాన్ని తినలేదు. మనుషుల సమాధుల్లో పక్కన పెట్టి పూడ్చిన కోళ్ళు దొరుకుతున్నాయి, వాటి ఎముకల మీద కత్తిగాట్లు లేవు. బ్రిటన్ వాసులు కుందేలును, కోడిని, పెద్దబాతును తినడం తప్పుగా భావిస్తారనీ, ముచ్చటకే పెంచుకుంటారనీ జూలియస్ సీజర్ రాశాడు. కోడి మొదట అతిథి, ఆ తర్వాత కాలం చెప్పే పక్షి, ఆ తర్వాత దేవుడి జెండా మీద బొమ్మ. మనకు కుమారస్వామి ధ్వజం మీద ఉన్నది అదే కదా. కూరగా దాని చరిత్ర వీటన్నిటి తర్వాతే మొదలైంది.

ఇప్పుడు కాళ్ళ సంగతి. ఎర్ర అడవికోడి కాళ్ళు బూడిద రంగులో ఉంటాయి, చర్మం తెలుపు. మన పెరటి కోళ్ళలో చాలా వాటి కాళ్ళు పసుపు. ఆ పసుపు ఎక్కడిది? 2008లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ చిక్కు విప్పారు. మొక్కజొన్న, ఆకుకూరలు తిన్నప్పుడు వచ్చే పసుపు పదార్థాన్ని కోడి చర్మంలో విరగ్గొట్టే జన్యువు ఒకటుంది. పసుపు కాళ్ళ కోళ్ళలో అది చర్మంలో పనిచేయదు, అందుకే రంగు నిలిచిపోతుంది. ఈ మార్పు ఎర్ర అడవికోడిలో లేదు, బూడిదరంగు అడవికోడిలో ఉంది. అంటే ఇంటి కోడి మన వైపు వచ్చాక ఎక్కడో దక్షిణాది అడవికోడితో జతకట్టింది. ఆ పిల్లల కాళ్ళ రంగు మనుషులకు నచ్చింది, లోకమంతా పాకింది. డార్విన్ ఇక్కడ సగమే ఒప్పు. పెరటి కోడికి పుట్టిల్లు ఆగ్నేయాసియా అయితే కావచ్చు, పసుపు పెట్టి పంపింది మాత్రం మన కొండలే.

కూత గురించి కూడా ఒక మాట. వెలుగు చూసి కూస్తుందనుకుంటాం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో పుంజుల్ని మసక వెలుతురులో రోజుల తరబడి ఉంచి చూశారు. తెల్లవారే వేళకు కొంచెం ముందు, వెలుగు రాకముందే, అవి కూశాయి. గడియారం వాటి ఒంట్లోనే ఉంది. 2015లో అదే బృందం ఇంకో సంగతి గమనించింది. గుంపులో పెద్దపుంజు ముందు కూస్తుంది, మిగిలినవి వరస ప్రకారం ఆ తర్వాత కూస్తాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది ముందుకొస్తుంది. తొలికోడి కూతకు లేచి దుక్కికి పోయిన రైతు విన్నది ఆ గుంపు పెద్ద గొంతునే.

తెలుగువాళ్ళ దగ్గర కోడి కథ పందేలు లేకుండా సాగదు. 12వ శతాబ్దపు పల్నాటి గాథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు పందెం కట్టారు, ఓడిన బ్రహ్మనాయుడి వైపు మాచర్లవారు ఏడేళ్ళు వలస పోయారు, చివరికి కారెంపూడిలో యుద్ధం జరిగింది. కుక్కుట శాస్త్రమన్న పేరుతో పుంజుల రంగుల్నిబట్టి, రోజుల్నిబట్టి గెలుపోటములు చెప్పే పుస్తకాలు ఇప్పటికీ అమ్ముడుపోతాయి. కాకి, డేగ, నెమలి, సేతువ, కౌజు, పర్ల, మైల, పింగళ, అబ్రాసు. ఈకల రంగుల్ని ఇంత సూక్ష్మంగా విడదీసి పేర్లు పెట్టిన జనం తక్కువ. ఆ జోస్యాల మీద నాకు నమ్మకం లేదు, ఆ చూపు మీద గౌరవం ఉంది. కాలికి కత్తి కట్టడాన్ని మాత్రం ఏ సంప్రదాయం పేరుతోనూ సమర్థించలేను. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం దాన్ని నేరమంటోంది. చట్టం అనకపోయినా, పొద్దుటి నుంచీ చేతులతో తినిపించి పెంచినదాన్ని సాయంత్రానికి నెత్తురు మడుగులో చూడటం ముచ్చట కాదు.

ఆ పుంజులు అసిల్ జాతివి. ఆంధ్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలు వాటి సొంత గడ్డ. నిటారైన మెడ, గట్టి రొమ్ము, బిగువైన కండ. 19వ శతాబ్దంలో ఇంగ్లాండులోని కార్న్‌వాల్‌లో అసిల్‌ను మలే, ఇంగ్లీష్ పందెం కోళ్ళతో కలిపి ఒక కొత్త జాతిని తీశారు. దానికి పెట్టిన పేరు ‘ఇండియన్ గేమ్’. పందేలకు అది పనికిరాలేదు గానీ రొమ్ము మాంసం విపరీతంగా పట్టింది. అమెరికా వెళ్ళాక దాని పేరు కార్నిష్ అయింది. 1948లో అక్కడ ‘రేపటి కోడి’ అని దేశమంతటా పోటీ పెడితే కార్నిష్ కలిసిన కోడే గెలిచింది. ఇవాళ్టి బ్రాయిలర్‌కు తండ్రి వైపు కార్నిష్, తల్లి వైపు ప్లిమత్ రాక్. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటి, కాళ్ళు బరువు మోయలేక కూలబడే ఆ తెల్లకోడి ఒంట్లో, రోజంతా పెరడు తిరిగే మన అసిల్ రక్తం ఉంది. నాటుకోడి, బ్రాయిలర్ అని రెండు లోకాలుగా చూస్తాం గానీ అవి దూరపు దాయాదులు.

పుంజు చరిత్రకెక్కింది. పెట్ట ఇల్లు నిలబెట్టింది. ఎర్ర అడవికోడి పెట్ట ఏడాదికి పది పదిహేను గుడ్లకు మించి పెట్టదు. ఫారాల్లోని లెగ్‌హార్న్ మూడు వందలు దాటిస్తుంది. మన నాటుపెట్ట ఈ రెంటికీ నడుమ, మూడు నాలుగు విడతల్లో సుమారు అరవై, డెబ్బై పెడుతుంది. ప్రతి విడత తర్వాతా ఆగి పొదగడానికి కూర్చుంటుంది. లెక్కలు చూసేవాళ్ళకు ఇది లోపం. ఇంట్లోవాళ్ళకు అదే దాని విలువ. గంపలో ఇసుకో ఊకో పోసి, పైన వరిగడ్డి పరిచి, పదో పన్నెండో గుడ్లు పెట్టి పెట్టను కూర్చోబెడితే కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. ఇరవై ఒక్క రోజులు రోజుకోసారి మేతకూ నీళ్ళకూ తప్ప లేవదు. గుడ్లను తానే తిప్పుకుంటుంది. దీపానికి అడ్డం పెట్టి చూసి, పిల్ల కట్టని గుడ్డును ఏరేయడం అమ్మమ్మలందరికీ తెలుసు. పిల్లలు దిగాక నూకలు పోస్తారు. పాత కుండలో పేడ, గడ్డి కుక్కి తడిపి నేల మీద బోర్లిస్తే రాత్రికి చెదలు పడతాయి, పొద్దున అవే పిల్లలకు బలమైన మేత. కోడి అమ్మిన డబ్బు, గుడ్లమ్మిన డబ్బు ఆ ఇంటి ఆడవాళ్ళ చేతిలోనే ఉండేది. పిల్లల పలకలూ పుస్తకాలూ, పండక్కి గాజులూ దానిలోంచే వచ్చేవి. భూమి కాగితాల మీద పేరు లేని మనిషికి తన పేరున ఉన్న ఆస్తి అదొక్కటే.

పెరట్లో కోడి ఒంటరిగా బతకదు. గుడ్ల కోసం ముంగిస వస్తుంది, పిల్లల కోసం గద్ద, కాకి కాచుకుంటాయి, రాత్రి బావురుపిల్లి గూటి తలుపు గోకుతుంది. పీటర్ మార్లర్, క్రిస్ ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞులు కోళ్ళ హెచ్చరికలు రికార్డు చేసి, శత్రువు లేనప్పుడు వాటికే వినిపించారు. పైనుంచి వచ్చే గద్దకు ఒక అరుపు, నేల మీద వచ్చే జంతువుకు ఇంకొకటి. మొదటిది వినగానే కోళ్ళు నక్కి ఆకాశం వైపు చూశాయి. రెండోది వినగానే నిటారుగా నిలబడి చుట్టూ చూశాయి. కోళ్ళు పెంచే ఇల్లాలు వంటింట్లోంచే ఆ తేడా పట్టి, ఒకదానికి కర్ర తీసుకుని, ఇంకోదానికి చేతులు చరుస్తూ పరిగెత్తుతుంది.

గద్ద తీసుకుపోయేది ఒకటో రెండో. ఊరి కోళ్ళన్నిటినీ వారంలో తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో, ఆ తర్వాత కొద్దికాలానికే మన హిమాలయ పట్టణం రాణిఖేత్‌లో దీన్ని గుర్తించారు. అందుకే మన పశువైద్యులు రాణిఖేత్ జబ్బు అంటారు. మెడ మెలితిరుగుతుంది, పచ్చగా పారుకుంటుంది, మందు లేదు. టీకా ఉంది, చవక కూడా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరళ్ళ కోసం వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు తెచ్చింది. రంగు ఈకలు, మంచి ఎదుగుదల, గుడ్లు కూడా ఎక్కువే. ఆదాయం కావాలంటే అవి మంచివే. కానీ అవి పొదగవు, ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవాలి. అన్నిటినీ ఒకే పెరట్లో వదిలితే కొన్ని తరాల్లో పొదిగే గుణం తగ్గిపోతుంది. అడవి అంచు ఊళ్ళలో ఇంకో నష్టం కూడా ఉంది. ఊరి పుంజులు అడవి పెట్టలతో కలిసి, అసలైన అడవికోడి జాతే పలచబడుతోంది.

మీ పెరట్లో చోటుంటే రెండు నాటుపెట్టలు, ఒక పుంజు పెంచండి. పిల్ల దిగిన మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో కొక్కెర తెగులు టీకా అయిన లసోటా చుక్క వేయించండి, రెండు నెలలు దాటాక రెండో టీకా ఇప్పించండి. దగ్గరి పశువుల ఆసుపత్రిలో అడగండి. మీ ఊళ్ళో ఇరుగుపొరుగు కోళ్ళన్నిటికీ ఒకే రోజు వేయిస్తే ఇంకా మేలు. బాగా పొదిగి, పిల్లల్ని గద్ద నుంచి కాపాడుకున్న పెట్టను మాత్రం పండక్కి కొయ్యకండి, దాని గుడ్లే తర్వాతి విడతకు పెట్టండి.